నిచ్చెన మీద ఒట్టు

జూన్ 3

బాబాయికి,

క్షేమంగా చేరాను. హాస్టల్లో నాకిచ్చిన గదికి పైన శ్లాబు. మంచం మీద వాలి పైకి చూస్తే మరక లేదు, చెమ్మ లేదు, బల్లి కూడా లేదు. ఇల్లు కొన్నప్పటి నుంచి వాన పడితే ఏ గిన్నె ఎక్కడ పెట్టాలా అని లెక్క చూసుకోవడం అలవాటైనదాన్ని. ఇక్కడ ఏమీ తోచడం లేదు.

రెండు నెలల ట్రైనింగు. ముప్పై మంది లెక్కల టీచర్లం. పిల్లలకి లెక్కలంటే భయం పోగొట్టడం ఎలాగో నేర్పుతారట. మొదటి పాఠం చెప్పిన పెద్దాయనకి మేమంటేనే భయం వేసినట్టుంది. బోర్డు వైపు తిరిగినవాడు గంట కొట్టేదాకా ఇటు తిరగలేదు.

ఇక ఇంటి సంగతి. తాళాలు ఎదురింటి పోస్టుమాస్టారి దగ్గర ఉన్నాయి. రిటైరయ్యాడు గానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు, సంతకాలు అడుగుతాడు, పెట్టెయ్. వెనక గదిలో సీలింగు చెక్కలు మెత్తబడ్డాయి, వాటి కింద తిరగొద్దు. అరవై ఏళ్ల కప్పుకి అతుకులు వేసి లాభం లేదని, మొత్తం విప్పి కొత్తగా వేయాల్సిందేనని నేను చెప్పింది విని నువ్వే తేల్చావు. జూలై మొదట్లో వానలు దిగుతాయి. ఆలోపు అయిపోవాలి.

నేను రేకులు వేయిస్తానంటే, "పెంకులు నేసే ఇంటి పిల్ల నెత్తిన రేకులా!" అని నువ్వు ఒక పూట తిండి మానేశావు. సరే అన్నాను. కానీ ఏ షరతు మీద అన్నానో మర్చిపోకు. పోయిన ఏడాది గోదాము కప్పు మీద నుంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నావు. కాలులో ఇనప కడ్డీ ఉంది. ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. నేను బయల్దేరే ముందు మీ ఇంటికి వస్తే, నిచ్చెన మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టు వేశావు. పైపని నీ మనుషులిద్దరూ చేయాలి. నువ్వు కింద కుర్చీలో కూర్చుని చెప్పాలి. అంతే.

ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించు. నీకు నచ్చిన ముక్కలు కాదు, మొత్తం.

ప్రేమతో,
నీ అమ్మాయి


జూన్ 8

పంతులమ్మకి బాబాయి దీవెనలు.

నీ ఇల్లు చేరాం. నేను, మీ పిన్ని, పొడుగోడు, వాడి బావమరిది. పోస్టుమాస్టారు తాళాలిచ్చి రెండు చోట్ల సంతకం చేయించుకున్నాడు. "అక్షరం గుండ్రంగా ఉందే, ఎందాకా చదివారు?" అన్నాడు. "మా అన్న కూతురు రెండో తరగతి దాకా చదివాను" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నువ్వు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని దిద్దినవాణ్ని, ఇంకేం చెప్పను?

ఇల్లు మంచిదే. గోడలు మొండివి, కప్పే ముసలిది. ఈ వీధిలో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ముందు చిన్న గేటు, రెండు గదులు, వెనక వంటిల్లు, రెండు వాలుల కప్పు. అన్ని కప్పులదీ ఒకే వయసు. అంటే అందరి ఇళ్లలోనూ వానకి గిన్నెలు తిరుగుతూనే ఉంటాయి. పైకి ఎవరూ చెప్పుకోరు, అంతే.

అసలు సంగతికి వస్తాను. పెంకులు వచ్చాయి. వస్తూనే ఉన్నాయి. లారీ మూడుసార్లు తిరిగింది. గేటు లోపల పేర్చాం, గోడ వెంబడి పేర్చాం, ఇప్పుడు వీధిలోకి వచ్చాం. పాలాయన సైకిలు దిగి నడిపించుకుంటూ, "టీచరుగారు ఇల్లు బాగుచేయిస్తున్నారా, కోట కట్టిస్తున్నారా?" అన్నాడు.

నువ్వు పంపిన కొలతల ప్రకారమే బట్టీలో చెప్పాను. ఏం కొలిచావమ్మా? చదువుకున్నవాళ్లు నేల మీద టేపు పెట్టి కొలుస్తారు, కప్పు వాలుగా ఉంటుందన్న సంగతి మర్చిపోతారు, నాకు తెలియంది కాదు. అడిగితే చిన్నబుచ్చుకుంటావని అడగలేదు. వాలుకి ఎంత పెరుగుతుందో నేనే కలిపాను. పగిలేవాటికి పదో వంతు కలిపాను. ఎంత కలిపినా ఇన్ని మిగలకూడదు. ఒకటే కప్పా నీ ఇంటికి?

ఒట్టు మాట అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నాను. నిచ్చెన గోడకి ఆనించి ఉంది. నేను కుర్చీలో ఉన్నాను. కుర్చీకి ఒక కాలు పొట్టి. మేమిద్దరం బాగా కుదిరాం.

కుర్చీలోంచి,
బాబాయి


జూన్ 13

బాబాయికి,

నీ ఉత్తరం మెస్సులో చదివి గట్టిగా నవ్వేశాను. పక్కన కూర్చున్నావిడ ప్లేటు జరుపుకుంది.

నేల కొలిచిన మాట నిజమే. కానీ కప్పు మధ్య ఎత్తు కూడా కొలిచి, వాలు పొడవు ఎంతవుతుందో లెక్క కట్టి, ఆ తుది అంకె నీకు పంపాను. లెక్కల టీచర్ని బాబాయీ! వాలుకి కలిపానని విడిగా రాస్తే, "ముప్పై ఏళ్లు కప్పులు నేసినవాడికి ఇది చెబుతోందా" అని నువ్వు చిన్నబుచ్చుకుంటావని రాయలేదు. పగిలేవాటికి పదో వంతు నేనూ కలిపాను. అంటే వాలు రెండుసార్లు కలిసింది. పగలని పెంకులు రెండుసార్లు పగిలాయి. ఒకరి పరువు ఒకరం కాపాడబోయి ఇద్దరం వీధికి అడ్డం పడ్డాం.

ఈ సంగతి క్లాసులో చెప్పాను. బోర్డు వైపు తిరిగి ఉండే పెద్దాయన మొదటిసారి మా వైపు తిరిగి నవ్వాడు. దీన్ని పాఠంలో పెట్టుకుంటాడట.

అదలా ఉంచు. పైన ఎవరున్నారో నువ్వు రాయలేదు. పొడుగోడు చెక్కలు కొట్టగలడు గానీ పెంకుల వరస వేస్తే పాములా పోతుందని నువ్వే అనేవాడివి. వంకర వరస చూస్తూ నీ చేతులు ఊరుకోవు. పిన్నిని నిచ్చెన దగ్గర కాపలా పెట్టు. నువ్వు ఆ దరిదాపులకి వచ్చావంటే గరిటె అందుకోమని నా మాటగా చెప్పు.

అనుమానంతో,
నీ అమ్మాయి


జూన్ 18

పంతులమ్మకి,

నీ ఉత్తరం పిన్నికి చదివాను. కాపలా మాట దగ్గరికి వచ్చేసరికి పడీ పడీ నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. ఎందుకని అడగకు. నువ్వు చెప్పినట్టే జరుగుతోంది. మీ పిన్ని పొద్దున లేచింది మొదలు నిచ్చెన వదలడం లేదు.

మిగిలిన పెంకులు బట్టీవాడు వెనక్కి తీసుకెళ్లాడు. ఎక్కించినంతసేపూ సణిగాడు. "ఇంట్లో ఇద్దరు తెలివైనవాళ్లుంటే ఇంతే" అన్నాడు. వాడితో ఈ విషయంలో వాదించలేకపోయాను.

వెనక వాలు అయిపోయింది. పాత పెంకులు దింపి చూస్తే వాసాలు నాలుగు పుచ్చిపోయి ఉన్నాయి. బొటనవేలు పెట్టి నొక్కితే రొట్టెలోకి దిగినట్టు దిగింది. కొత్తవి వేశాం. నడుమ దూలం మాత్రం ఇనుము లాంటిది. దాని పైముఖం మీద అప్పటి వడ్రంగి పెన్సిలుతో కూడిక వేసుకున్నాడు. తప్పు చేసి, కొట్టేసి, మళ్లీ వేసుకున్నాడు. అరవై ఏళ్లుగా ఆ తప్పు ఈ ఇంటి నెత్తి మీద ఉంది, ఎవరూ మార్కులు తీసెయ్యలేదు.

పది గంటలకే పెంకు కాలిపోతుంది. తడి గోనె పరిస్తే గానీ మోకాలు ఆనదు. కానీ పైకొస వరకు వెళ్తే గాలి ఎంత బాగుంటుందో! రైలు గేటు దాకా కనిపిస్తుంది. ఎదురింటి వెనక పెరట్లో పోస్టుమాస్టారు పొద్దున్నే తువ్వాలు కట్టుకుని బస్కీలు తీస్తాడు. పదిహేను తీసి ముప్పై లెక్కపెడతాడు.

ముందు వాలు నిన్న విప్పేశాం. టార్పాలిన్ కట్టి, కింద మేం నలుగురం వంటింట్లో సర్దుకున్నాం. పొడుగోడి కాళ్లు మాత్రం వరండాలో ఉంటాయి.

ఆశీస్సులతో,
బాబాయి


జూన్ 22

బాబాయికి,

ఈసారి నమస్కారాలు లేవు. కోపంగా ఉన్నాను.

దూలం పైముఖం కుర్చీలోంచి కనపడదు. కనపడాలంటే తల దూలం కంటే పైన ఉండాలి. పెంకు వేడి కుర్చీలో కూర్చున్నవాడి మోకాలికి తగలదు. పోస్టుమాస్టారి పెరడు ఆయన ఇంటికి అవతల ఉంది. మా గేటు దగ్గర నుంచి ఆయన బస్కీలు లెక్కపెట్టాలంటే ఆయన ఇల్లు గాజుతో కట్టి ఉండాలి. దీన్ని మేం నిరూపణ అంటాం.

పిన్ని ఎందుకు నవ్విందో ఇప్పుడు అర్థమైంది. కాపలా కాయాల్సిన మనిషిని నీ వైపు తిప్పుకున్నావు. ఆవిడ నిచ్చెన పట్టుకుని నిలబడితే నువ్వు ఎక్కుతున్నావు. పిన్ని మీద కూడా కోపంగా ఉందని చదివి వినిపించు.

ఎక్కావా, లేదా? కథలొద్దు. ఒక్క మాటలో రాయి.

నీ అన్న కూతురు


జూన్ 26

పంతులమ్మకి,

ఎక్కాను.

బాబాయి

కార్డులో చోటు మిగిలింది కాబట్టి రాస్తున్నాను. ముందు వాలు వాసాలు మార్చడం అయింది. సాయంత్రాలు మబ్బు పడుతోంది. నువ్వు వేళకి తింటున్నావా?


జూన్ 30

బాబాయికి,

పని ఆపెయ్.

నీ కార్డు జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఎవరికైనా చూపిస్తే నవ్వుతారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

ఆపరేషనుకి ముందు ఆస్పత్రిలో ఒక కాగితం ఇచ్చారు. నువ్వు మత్తులో ఉన్నావు. పిన్ని వేలిముద్ర వేయాలి. వేసే ముందు ఎవరైనా చదివి వినిపించాలన్నారు. మనింట్లో అందరూ నిచ్చెన మెట్లు ఎక్కినవాళ్లే, బడి మెట్లు ఎక్కింది నేనొక్కదాన్నే. "ప్రాణాపాయం సంభవించవచ్చు" అని ఉంది అందులో. పిన్ని మొహం చూస్తూ ఆ మాట పైకి చదివాను. తనకి సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. నువ్వు నన్ను బడికి పంపింది అందుకు కాదు కదా.

అలాంటి కాగితం ఇంకోసారి చదవలేను. నీకు పెంకుల కప్పు కావాలి, నాకు నువ్వు కావాలి. రేకులాయనకి ఉత్తరం రాశాను. అతను వచ్చి ముందు వాలు రేకులతో మూసేస్తాడు. వెనక పెంకులు, ముందు రేకులు. నవ్వేవాళ్లని నవ్వనీ.

నీ అమ్మాయి


జూలై 4

అమ్మాయీ,

నీ ఉత్తరం, రేకులాయన ఒకే పొద్దున వచ్చారు. ఉత్తరం ముందు చదివాను. అప్పుడు పిన్ని పైన ఉంది.

ఆఁ, పైనే. కప్పు మీద.

మొదటి నుంచి చెబుతాను. ఒట్టు తప్పింది మొదటి రోజే. రెండు మెట్లు ఎక్కాను. మూడోదాని మీద కాలు పెడితే, ఆ కాలు నాది కానట్టు వణికింది. దిగి వచ్చి కూర్చున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. పైన పొడుగోడు వరస వేస్తున్నాడు, పాము పోయినట్టు పోతోంది. నేను అరిచాను. ఇంకా వంకర పోయింది. మీ పిన్ని నా పక్కన మంచినీళ్ల చెంబు పెట్టి, "గొంతు పోతుంది, ఊరుకో" అని, నడుం బిగించి ఎక్కేసింది. వాణ్ని పక్కకి జరగమంది.

ముప్పై ఏళ్లు నాకు కింద నుంచి పెంకులు అందించిన మనిషి. అందించే ఆడవాళ్లు కప్పు మీదకి రాకూడదన్నది మన పనిలో రూలు. ఎవరు పెట్టారో నాకు తెలియదు, నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ ఒక వరస వేసింది. నేను కింద నుంచి దారం పట్టి తప్పు వెతికాను. దొరకలేదు. రెండో వరసలో దొరక్కపోతుందా అనుకున్నాను. మూడోదాంట్లోనూ దొరక్కపోయేసరికి కోపం వచ్చింది. మధ్యాహ్నం తిండి దగ్గర చివరికి ఉండబట్టలేక, "ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాను.

"నువ్వు పైన ఉండి చేతిలో పెంకు ఒక్కటే చూసేవాడివి. నేను కింద ఉండి కప్పు మొత్తం చూసేదాన్ని. నీ తప్పులన్నిటికీ నా దగ్గర లెక్కుంది" అంది.

నీకు రాద్దామని రెండుసార్లు కార్డు తీశాను. పెళ్లాం కప్పు నేస్తోంది, మేస్త్రి కుర్చీలో కూర్చున్నాడు అని ఏ చేత్తో రాయను? రాస్తే నువ్వు "చాలా సంతోషం బాబాయీ" అంటావు. ఆ సంతోషం నేను తట్టుకోలేననిపించింది. దానికంటే ఒట్టు తప్పినవాడని తిట్టించుకోవడమే నయమనుకున్నాను. రెండు మెట్లు నిజమేగా, అందుకే "ఎక్కాను" అని రాశాను. దూలం మీద కూడిక, పోస్టుమాస్టారి బస్కీలు, అన్నీ సాయంత్రం దిగి వచ్చాక ఆవిడ చెప్పినవి. నా కళ్లతో చూసినట్టు నీకు రాశాను. కొంచెం కుళ్లు కూడా ఉందేమో. ఇన్నేళ్లు ఎక్కానా, ఒక్కసారి కూడా చుట్టూ చూడలేదు నేను.

ఆవిణ్ని కిందకి పిలిచి నీ ఉత్తరం మొత్తం చదివాను, ఆస్పత్రి కాగితం దాకా. ఈసారి నవ్వలేదు. "నీ పరువు కోసం పిల్లని ఏడిపించావు కదయ్యా. కూర్చుని నిజం రాయి. నేను పైకి పోతున్నా, మబ్బు పట్టింది" అంది.

రేకులాయన గేటు దగ్గర నిలబడి చాలాసేపు పైకి చూశాడు. వెనక్కి వెళ్లి వెనక వాలు చూశాడు. "రెండూ ఆవిడేనా?" అన్నాడు. "ఆవిడే" అన్నాను. బయటి మనిషి దగ్గర ఒప్పుకోవడం అదే మొదలు. అనుకున్నంత నొప్పి లేదు. "మరి నన్నెందుకు పిలిచినట్టు?" అంటూ బండి తిప్పుకున్నాడు.

ఇంకా ఏడు వరసలున్నాయి. ఆపమంటే నువ్వే వచ్చి చెప్పాలి. నా మాట ఆవిడకి పైకి వినపడటం లేదు.

బాబాయి


జూలై 8

బాబాయికి,

సంతోషమని రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. ఇవాళ మెస్సులో మూడోసారి వడ్డించుకున్నాను, అంతే.

నా నిరూపణలో దోషం లేదు. పైన ఎవరో ఉన్నారని నిరూపించాను, అది నువ్వేనని నేనే అనేసుకున్నాను. పిల్లలు ఇలా చేస్తే సున్నా వేస్తాను. ఆవిడ అన్నేళ్లు కింద ఎందుకు నిలబడిందో నేనూ ఎప్పుడూ అడగలేదు. ఎత్తంటే భయమనుకున్నాను. చదువుకున్నదాన్ని, నాకైనా అడగాలని తోచలేదు. నువ్వొక్కడివే సిగ్గుపడక్కర్లేదు.

పని ఆపొద్దు. కానీ పిన్ని నడుముకి తాడు కట్టి, కొస దూలానికి గట్టిగా ముడి వెయ్యండి. ముడి నువ్వు వెయ్యకు, కోపంలో వదులుగా వేస్తావు. వానకి తడిసిన పెంకు మీదకి అసలు వెళ్లనివ్వద్దు. రేకులాయనకి క్షమాపణ రాశాను.

ఇక్కడి నుంచి పిన్నికి. బాబాయీ, అక్షరం వదలకుండా చదువు.

పిన్నీ, నీ మీద కోపమని రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను కాపలా ఉండమన్నప్పుడు నువ్వు అంతలా నవ్వడం తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తోంది. నేనొచ్చాక నన్ను ఒకసారి పైకి తీసుకెళ్తావా? నాకు ఎత్తంటే భయం. అందుకే బడికి పంపారేమో, తెలియదు. నువ్వు చెయ్యి పట్టుకుంటే ఎక్కుతాను.

మీ ఇద్దరి అమ్మాయి


జూలై 14

పంతులమ్మకి,

అక్షరం వదల్లేదు. పిన్ని రెండుసార్లు చదివించుకుంది. "చెయ్యి పట్టుకుంటా గానీ కిందకి చూస్తే ఊరుకోనని చెప్పు" అంది. తాడు నీ ఉత్తరం రాకముందే కట్టుకుంది, ముడి పొడుగోడు వేశాడు. సాయంత్రం విప్పడానికి నలుగురం పట్టాం.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం కప్పు పూర్తయింది. పదకొండున వాన దిగింది. మామూలు వాన కాదు, వీధిలో కుక్కలు కూడా గేటు తోసుకుని వరండాలోకి వచ్చేశాయి. నేను గది గదికీ తిరిగి గోడలు తడిమాను. నమ్మకం లేక కాదు, తప్పు వెతకడం పాత అలవాటు. ఒకచోట తడి తగిలింది. "దొరికింది!" అని కేకేశాను. మీ పిన్ని పరిగెత్తుకుని వచ్చి, గోడ చూసి, నా చెయ్యి చూసి, "అది నీ చెమట" అంది. పొడుగోడు నవ్వాడు. వాడి బావమరిది కూడా నవ్వాడు. వాడికి పళ్లున్నాయని అప్పుడే తెలిసింది.

నిన్న వాన తెరిపి ఇచ్చింది. పోస్టుమాస్టారు గొడుగు మూస్తూ గేటు దగ్గరికి వచ్చి, "మేస్త్రిగారున్నారా?" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి చొక్కా సర్దుకున్నాను.

"మీరు కూర్చోండి" అన్నాడు. "మేస్త్రిగారితో పని."

ముప్పై ఏళ్లు ఆ పిలుపుకి లేచిన మోకాళ్లు, వాటికేం తెలుసు? ఆయన ఇబ్బందిపడి గొడుగు తెరిచి మళ్లీ మూశాడు. అప్పుడు నేనే ఇంట్లోకి తిరిగి కేక వేశాను.

"మేస్త్రిగారూ! మీ కోసం వచ్చారు!"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మీ పిన్ని చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ముందు నన్ను చూసింది, ఎగతాళి చేస్తున్నానేమోనని. చేయడం లేదని తెలిశాక ఆయన వైపు తిరిగి, "మీ ముందు వాలు పుచ్చింది, వెనకది ఇంకో రెండేళ్లు ఆగుతుంది. ఏది చేయమంటారు?" అంది. ఆయన ఇంట్లో అడుగు పెట్టకుండానే! పైనుంచి అన్నీ చూసి పెట్టుకుంది. "రెండూ చేయండి" అన్నాడు పాపం. వానలు తగ్గాక మొదలు.

ఆయన వెళ్లాక నా కుర్చీ ముందు నిలబడింది. "పెంకులు అందించడానికి మనిషి కావాలి. కూర్చుని అందించినా పర్లేదు. కానీ పైవాళ్ల మీద అరిచేవాడైతే నాకొద్దు" అంది.

ఆలోచించి చెబుతానన్నాను. అడగ్గానే ఒప్పుకుంటే ఏం మర్యాద? రేపు పొద్దున చెబుతాను.

నీ బాబాయి,
పెంకులు అందించేవాడు
(మేస్త్రిగారు ఇంకా ఖాయం చేయలేదు)